జీనో వాదము వితండమా?

చలనము లేదని యొకడు వాదించుచుండగా డయోజినీసు అను విరాగి మాటాడక లేచి నాలుగడుగులు నడచి చూపెనని గ్రీకుల కథ యొకటి కలదు. ఈ కథ విన్నవారందఱును నవ్వుదురు. నవ్వి, జీనోకు తగిన ప్రత్యుత్తరము దొరికినదని తృప్తిపడుదురు. కాని యీ కథకు ముగింపు వేఱొకటి కలదని జర్మను తత్త్వవేత్త హెగెలు తన తత్త్వశాస్త్రచరిత్రోపన్యాసములలో చెప్పియున్నాడు. నడచి చూపిన సమాధానముతో శిష్యుడొకడు తృప్తిపడగా డయోజినీసు వానిని కొట్టెనట. ఎదుటివాడు హేతువులు చూపి వాదించెను గనుక హేతువులతోనే వానిని ఖండింపవలయునని యాతని యభిప్రాయము. కథలో మొదటి సగము లోకమంతట వ్యాపించి, రెండవ సగము పండితుల గ్రంథములలో నిలిచిపోవుట విచారింపదగినది. మన యిండ్లలో పిల్లవాడు ఆకాశమునకు చివర యెక్కడ నని యడిగినచో "నోరు మూసికొని యన్నము తిను" మనువారే పెక్కండ్రు. అదియు డయోజినీసు నడక వంటిదే. ప్రశ్న యాగును గాని తీరదు.

జీనోను గూర్చి మనలో చదువుకొన్నవారు సామాన్యముగా నెఱిగినది తాబేటి కథ మాత్రమే. వేగముగా పరుగెత్తు వీరుడు తాబేటిని దాటలేడని చెప్పిన వెఱ్ఱివాడొక డుండెననియు, గణితశాస్త్రము వృద్ధిపొందిన పిమ్మట వాని వెఱ్ఱి కుదిరినదనియు నొక వాక్యములో ముగింతురు. మఱికొందఱు "అది వట్టి వితండవాద" మని త్రోసివేయుదురు. వితండమనునది వాడుకలో తిట్టయినను మన శాస్త్రములలో నది నిర్దిష్టమైన పారిభాషికపదము. న్యాయసూత్రములు చర్చను మూడు విధములుగా విభజించినవి. తత్త్వము తెలియగోరి చేయునది వాదము. గెలువగోరి చేయునది జల్పము. తన పక్షమని యొకదానిని స్థాపింపక, యెదుటి పక్షమును పడగొట్టుటయే పనిగా పెట్టుకొన్న జల్పము వితండము. ఈ కొలతతో జీనోను కొలిచిన నేమి తేలునో చూడవలయును.

జీనో క్రీస్తునకు పూర్వము 490 ప్రాంతమున ఎలియా పట్టణమున పుట్టెను. అది యిటలీదేశపు దక్షిణభాగమున సముద్రతీరమున గ్రీకులు నెలకొల్పుకొన్న వలస పట్టణము. అచ్చటి పర్మెనిడీసు ఇతనికి గురువు. ఉన్నది యొక్కటే యనియు, దానికి పుట్టుట, గిట్టుట, మారుట, కదలుట లేవనియు పర్మెనిడీసు పద్యకావ్యముగా బోధించెను. ఈ బోధ విని నాటివారు పరిహసించిరి. కన్నులయెదుట గుఱ్ఱములు పరుగెత్తుచుండగా, ఓడలు వచ్చిపోవుచుండగా కదలిక లేదనుట యేమని వారి పరిహాసము.

ఆ పరిహాసమునకు ప్రతిగా జీనో వ్రాసిన పుస్తకమును గూర్చి ప్లేటో తన పర్మెనిడీసు అను సంవాదమున నొక చక్కని ఘట్టమును కల్పించెను. ఏథెన్సు నగరమున మహోత్సవము జరుగుచున్నది. అఱువదియైదేండ్ల పర్మెనిడీసు, నలువదేండ్లకు చేరువైన జీనో యచ్చటికి వచ్చినారు. మిక్కిలి పిన్నవాడైన సోక్రటీసు వినుచుండగా జీనో తన పుస్తకమును చదివి వినిపించెను. విన్న సోక్రటీసు నిర్మొగమాటముగా నొక మాట యడిగెను: మీ గురువు ఒకటున్నదనుచున్నాడు, మీరు అనేకము లేదనుచున్నారు, ఇద్దఱును చెప్పునది యొక్కటియే కాదా యని. జీనో దానిని కాదనలేదు. గురువును పరిహసించువారికి, వారి అనేకత్వవాదమును తుదిదాక లాగినచో నంతకంటె హాస్యాస్పదమైన ఫలములు కలుగునని చూపుటయే తన యుద్దేశమని యొప్పుకొనెను. అంతేకాదు, దానిని పడుచుతనపు పోట్లాటబుద్ధితో వ్రాసితిననియు, ప్రకటింపవలయునో వలదో తాను నిశ్చయించుకొనకముందే యెవడో దొంగిలించి దానిని లోకమునకు వెల్లడించెననియు చెప్పెను. ఇది ప్లేటో పాత్రచేత పలికించిన మాటయే గాని జీనో స్వయముగా వ్రాసినది కాదు. అయినను గ్రంథోద్దేశమును గూర్చి మనకు దొరకిన సాక్ష్యములలో దీనిని మించినది లేదు.

పుస్తకము నశించినది. అందు నలువది వాదములుండెనని క్రీస్తుశకము అయిదవ శతాబ్దమునాటి ప్రోక్లసు చెప్పెను. చలనమును గూర్చిన నాలుగు వాదములు మనకు అరిస్టాటిలు భౌతికశాస్త్రగ్రంథముననుండి లభించుచున్నవి. ఆయన వానిని ఖండించుటకై సంగ్రహించెను. అనేకత్వమును గూర్చిన వాక్యములు కొన్ని జీనో పలికిన మాటలతోనే దొరకుచున్నవి గాని, వానిని వ్రాసిపెట్టిన సింప్లీషియసు జీనోకు వేయి యేండ్ల తరువాతివాడు. మన చార్వాకుల గతియు నిట్టిదే. వారి గ్రంథములు పోయినవి. వారి మతమును మనము సర్వదర్శనసంగ్రహము వంటి పరపక్షగ్రంథముల పూర్వపక్షములలో వెదకికొనవలసివచ్చుచున్నది. శత్రువు వ్రాసిన పూర్వపక్షము నుండి యొకని మతమును తెలిసికొనునప్పుడు పాటింపవలసిన న్యాయ మొకటి కలదు. ఆ పూర్వపక్షము మిక్కిలి తెలివిమాలినదిగా కనబడినచో, తెలివిమాలినవాడు దానిని పుట్టించినవాడో, సంగ్రహించినవాడో యని సందేహింపవలయును. జీనోను చదువువారు ఈ న్యాయమును తఱచుగా మఱచుచున్నారు.

ఇక తాబేటి వాదము. అరిస్టాటిలు గ్రంథమున తాబేలు లేదు. మిక్కిలి మెల్లగా పోవువానిని మిక్కిలి వడిగా పోవువాడు పట్టుకొనజాలడని మాత్రమే యుండును. తాబేలు తరువాతివారు తెచ్చిపెట్టినది. మన సౌకర్యమునకై దానినే యుంచుకొందము. అకిలీసు తాబేటికంటె పదిరెట్లు వడిగా పరుగెత్తుననియు, తాబేలు నూఱు గజములు ముందున్నదనియు ననుకొందము. అకిలీసు ఆ నూఱు గజములు పరుగెత్తునప్పటికి తాబేలు పది గజములు సాగును. ఆ పది గజములు దాటునప్పటికి ఒక గజము; ఆ గజము దాటునప్పటికి గజములో పదియవ భాగము. ఇట్లు తాబేలున్న చోటికి అకిలీసు చేరునప్పటికెల్ల తాబేలు కొంచెమైనను ముందుండును. ఈ మెట్లకు అంతము లేదు. అంతము లేనిదానిని ముగించుట యెట్లు?

దీనికి పాఠశాలలో చెప్పు సమాధానము సులభము. 100, 10, 1, 1/10 అని తగ్గుచుబోవు గుణోత్తరశ్రేఢిని కూడినచో మొత్తము 111 1/9 గజములగును. అకిలీసు సెకనునకు పది గజములు పరుగెత్తినచో 11 1/9 సెకనులలో తాబేటిని కలిసికొనును. మెట్లు అనంతములైనను మొత్తము పరిమితము. కావున చిక్కు లేదందురు. ఈ లెక్క సరియైనదే. ఎక్కడ కలిసికొందురో, ఎప్పుడు కలిసికొందురో యిది చెప్పును. కాని జీనో యెక్కడ నని గాని యెప్పుడని గాని యడుగలేదు. తుది మెట్టు లేని వరుస ముగియుట యనగా నేమని యడిగెను. అనంతశ్రేఢికి మొత్తమనగా నేమో ఫ్రెంచి గణితవేత్త కోషీ 1821లో ప్రకటించిన గ్రంథమున స్పష్టముగా నిర్వచించెను. కొన్ని పదములనే కూడుచు పోగా, ఆ కూడికలు ఏ సంఖ్యకు మనము కోరినంత చేరువ కాగలవో ఆ సంఖ్యయే మొత్తమని దాని సారము. ఇది గొప్ప నిర్వచనము. దీనిమీదనే నేటి గణితము నిలిచియున్నది. అయినను నిర్వచనముచేత మనము "మొత్తము" అను మాటకు అర్థమును కట్టితిమి గాని, అనంతమైన పనిని ఒకడు చేసి ముగించునని చూపలేదు. ఈ భేదమును గమనింపనివారే జీనో కథ ముగిసినదందురు.

ఈ సందేహము మన దేశపు గణితజ్ఞులకును తట్టినది. 1444లో పుట్టిన కేరళీయుడు నీలకంఠ సోమయాజి తన ఆర్యభటీయభాష్యమున నాలుగవ వంతు, అందులో నాలుగవ వంతు, మరల నందులో నాలుగవ వంతు అని పోవు శ్రేఢి మొత్తము మూడవ వంతగునని చెప్పి, అంతటితో నూరకుండలేదు. అది అంతవఱకే పెరుగునని యెట్లు తెలియును, అంతవఱకు తప్పక పెరుగునని యెట్లు తెలియును అని తానే ప్రశ్న వేసికొనెను. సమాధానముగా, ఏ మెట్టున చూచినను మూడవ వంతునకు మిగిలియుండు లోటు, చివర కూడిన భాగములో మూడవ వంతే యగుచు, క్రమముగా నణగిపోవుచుండుటను చూపెను. ఆ శ్రేఢినే అంతకు పూర్వము ఆర్కిమీడీసు వక్రక్షేత్రఫలమునకై వాడి, ఫలము అంతకంటె హెచ్చు గాదు, తక్కువ గాదు అని రెండు వైపులనుండి నిరూపించి, అనంతము పేరెత్తకయే తప్పించుకొనెను. ఉపాయమున ఆర్కిమీడీసు పైచేయి. ప్రశ్నను సూటిగా నెదుర్కొనుటలో నీలకంఠుడే నాకు మెచ్చదగినవాడుగా తోచుచున్నాడు.

అరిస్టాటిలు దీనికి రెండు సమాధానములు చెప్పెను. ఆ రెండింటికి నడుమ నున్న భేదమును చదువరులు గమనింపవలయును. ఆరవ ప్రకరణమున ఆయన దూరము అనంతముగా విభజింపబడినట్లే కాలమును అనంతముగా విభజింపబడును గనుక అనంతమైన మెట్లకు అనంతమైన క్షణములు దొరకునని చెప్పెను. ఎనిమిదవ ప్రకరణమున నదే ప్రశ్నకు మరల వచ్చి, ఆ సమాధానము అడిగినవాని నోరు మూయించుటకు చాలును గాని విషయమునకు చాలదని తానే చెప్పెను. దూరమును విడిచి కాలమునే తీసికొని యడిగినచో మొదటి చిక్కే మరల తలయెత్తును గదా. ఒక నిమిషము గడచుటకు ముందు అందు సగము గడవవలయును. అందులో సగము, అందులో సగము. కావున ఆయన రెండవ సమాధానమును చెప్పెను. రేఖలో సగములు శక్తిరూపమున నున్నవి గాని సిద్ధముగా లేవు. నడచువాడు ఒక్క నడక నడచుచున్నాడు. ప్రతి సగమునొద్ద ఆగి, అచ్చట నొక ముగింపును ఒక ప్రారంభమును చేసినప్పుడే ఆ సగము సిద్ధమగును. భాగములను లెక్కించునది మన బుద్ధి. అకిలీసు కాళ్లు లెక్కించుట లేదు.

తన మొదటి సమాధానము ప్రతివాదిని ఓడించినను ప్రశ్నను ఓడింపలేదని పుస్తకములో వ్రాయగల ఖండనకారులు అరుదు. వాదమునకును జల్పమునకును గల భేద మిక్కడ ప్రత్యక్షమగుచున్నది.

అరిస్టాటిలు సమాధానమునకు బలమెంతయో 1954లో జేమ్సు టామ్సను అను ఆంగ్లతత్త్వవేత్త కల్పించిన దీపముచేత పరీక్షింపవచ్చును. మీట నొక్కిన వెలుగును, మరల నొక్కిన ఆరును. అర నిమిషమున కొకమాఱు, అందులో సగమున కొకమాఱు, అందులో సగమున కొకమాఱు నొక్కుచు పోయినచో నిమిషము ముగియునప్పటికి దీపము వెలుగుచుండునా, ఆరియుండునా? కాలముల మొత్తము ఒక నిమిషమని కోషీ నిర్వచనము చెప్పును. దీపము సంగతి చెప్పదు. వెలిగియున్నదనరాదు, ఏలయన వెలిగించిన వెంటనే ఆర్పితిమి. ఆరినదనరాదు, ఏలయన ఆర్పిన వెంటనే వెలిగించితిమి. నిమిషము లోపల నేమి చేయవలయునో మన నియమము చెప్పినది గాని నిమిషాంతమును గూర్చి యేమియు చెప్పలేదు, కావున విరోధము లేదని 1962లో బెనసెరాఫు చూపెను. ఇది న్యాయమైన మాట. అయినను అకిలీసు పరుగునకును మీట నొక్కుటకును భేదము నిలిచియే యున్నది. ఒకటి యెడతెగని ఒక్క క్రియ; రెండవది వేర్వేరుగా తెగిన క్రియల వరుస. అరిస్టాటిలు గీచిన గీత ఈ రెండింటి నడుమనే పోవుచున్నది.

రెండవ వాదమునకు విభజనవాదమని పేరు. పోవువాడు గమ్యమును చేరుటకు ముందు సగము దూరము పోవలయును. సగము పోవుటకు ముందు అందులో సగము. కావున బయలుదేరుటయే లేదు. ఇది తాబేటి వాదమునకు తోబుట్టువు. దీనిపై వేఱుగ చెప్పవలసినది లేదు.

అనేకత్వమును గూర్చిన వాదము అంత ప్రసిద్ధము గాకపోయినను అంతకంటె లోతైనది. వస్తువులు అనేక భాగములచేత నైనచో ఆ భాగములకు పరిమాణము ఉండవలయును, లేక ఉండకపోవలయును. పరిమాణము లేనివానిని ఎన్నింటిని కూర్చినను పరిమాణము రాదు. పరిమాణము ఉన్నచో ఆ భాగమునకు భాగములు, వానికి భాగములు. అట్టివానిని అంతులేకుండ కూర్చినచో వస్తువు అంతులేనిదగును. ఒక ప్రక్క శూన్యము, ఒక ప్రక్క అనంతము. మన వైశేషికులు ఇందులో రెండవ కొమ్మును పట్టుకొని, విభజనకు అంతము లేనిచో మేరుపర్వతమునకు ఆవగింజకు భేదముండదు, రెండింటికిని అనంతావయవములే గదా యని వాదించి, నిరవయవమైన పరమాణువును స్థాపించిరి. బౌద్ధుడైన వసుబంధుడు తన వింశతికలో మొదటి కొమ్మును పట్టుకొనెను. ఒక పరమాణువునకు ఆరు దిక్కులనుండి ఆరు పరమాణువులు తగిలినచో దానికి ఆరు ప్రక్కలుండవలయును, అనగా అవయవములు కలవు; అన్నియు ఒక్కచోటనే యున్నచో కుప్ప యంతయు ఒక్క పరమాణువంతయే యుండును అని. ఇక్కడ రెండు సంప్రదాయములు చెఱియొక కొమ్ముతో పోరాడినవి. జీనో రెండు కొమ్ములను ఒక్కచేత పట్టెను. గ్రీకులు మనవద్ద నేర్చిరనియో, మనము గ్రీకులవద్ద నేర్చితిమనియో చెప్పువారు పత్రికలలో కనబడుదురు. ఎవరికి వారికి బుద్ధి యున్నదని యొప్పుకొనిన నీ తగవు తీరును.

మేరువు, ఆవగింజ సమమనుటలో దాగియున్న దోషము పందొమ్మిదవ శతాబ్దమున గాని బయటపడలేదు. జర్మను గణితజ్ఞుడు కాంటరు అనంతములను పోల్చుటకు మార్గమును చూపెను. ఈ సంగతిని ఇంటిలోనే చూడవచ్చును. రాత్రి దీపము నెదుట చిన్న పుల్లను పట్టుకొనినచో గోడమీద బారెడు నీడ పడును. పుల్లలోని ప్రతి బిందువునకును నీడలో నొక బిందువు, నీడలోని ప్రతి బిందువునకును పుల్లలో నొక బిందువు కలదు, ఒక్కటియు మిగులదు. కావున బిందువుల లెక్కలో పుల్ల, నీడ సమానములు. పొడవులో నవి సమానములు కావు. భాగముల సంఖ్య సమమైనచో పరిమాణము సమమగునను వ్యాప్తి, పరిమిత సంఖ్యలయెడ నిజమై, అనంతముయెడ భంగపడుచున్నది. పొడవు బిందువులను లెక్కించుటచేత వచ్చునది కాదు. దాని కొలత వేఱు. ఆ కొలతను ఫ్రెంచివాడగు లెబేగు 1902లో శాస్త్రముగా కట్టెను. ఆవగింజ దగ్గఱ మొదలైన ప్రశ్నకు ఇంత దూరము పోవలసివచ్చినది.

నాలుగింటిలో మిక్కిలి బలమైనది బాణవాదమని నా యభిప్రాయము. ఎగురుచున్న బాణము ఏ క్షణమున చూచినను తనంత చోటును ఆక్రమించియుండును. తనంత చోటును ఆక్రమించియున్నది నిలుకడగా నున్నదే గదా. ప్రతి క్షణమునను నిలుకడగా నున్నచో నెప్పుడు కదలును? చలనచిత్రమను మాటను మనము నిత్యము వాడుచున్నాము. ఆ చిత్రములో కదలునది యొక్కటియు లేదు. సెకనునకు సామాన్యముగా 24 నిశ్చలచిత్రములు వరుసగా కన్నులముందు పడుచున్నవి. ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్సను 1907లో ప్రకటించిన గ్రంథమున ఈ యుపమానమునే యెత్తికొని, మన బుద్ధి చలనమును నిశ్చలఖండములుగా కోసి, ఆ ఖండములలో చలనము కనబడలేదని యాశ్చర్యపడుచున్నదని జీనోను ఖండించెను. ఉపమానము అందమైనది. కాని కోయరానిదని చెప్పుటతో విచారణను ఆపివేసినచో, ఎంత దూరము, ఎంత వడి యని యడుగుటకే వీలుండదు. బెర్గ్సను ప్రశ్నను విప్పుటకంటె దానికి దండము పెట్టి తొలగిపోయినట్లు నాకు తోచును.

ఆంగ్లేయుడైన బెర్ట్రండు రస్సెలు 1903లో వేఱొక త్రోవ తొక్కెను. క్షణమున బాణము కదలుట లేదని జీనో చెప్పిన మాట నిజమే. చలనమనగా వేర్వేరు క్షణములందు వేర్వేరు చోట్ల నుండుట. అంతకు మించి క్షణములో దాగియుండు కదలిక యనునదేదియు లేదు. ఆ క్షణమున నిలుకడయు లేదని అరిస్టాటిలు ముందే చెప్పియుండెను. కదలుటకైనను నిలుచుటకైనను కొంత కాలము వ్యాపించియుండవలయును. ఈ రెండు మాటలను కలిపినచో బాణవాదమునకు సమాధానము దొరకుచున్నది. కాని యెంతటి మూల్యముతో? చలనమనగా వస్తువులోపల నుండు ఒక ప్రవాహమని మనము పుట్టినది మొదలు నమ్ముచున్న భావమును వదలుకొనవలయును. అప్పుడు జీనో ఓడిపోయినాడనుటకంటె, మన మాట మార్చుకొని యతనితో సంధి చేసికొంటిమనుటయే న్యాయము.

బాణమును తలచినప్పుడు మనకు నాగార్జునుడు తలపునకు రాక తప్పదు. సంప్రదాయమున కృష్ణాతీరపు శ్రీపర్వతముతో ముడిపడిన యీ యాచార్యుడు మూలమధ్యమకకారికలలో రెండవ ప్రకరణమును గతాగతపరీక్షకు వినియోగించెను. నడచిపోయిన త్రోవలో నడక లేదు, అది ముగిసినది. నడవని త్రోవలో నడక లేదు, అది మొదలు కాలేదు. ఈ రెండింటిని తీసివేసినచో నడచుచున్న త్రోవ యని మిగులునది కానరాదు. వాదము బాణవాదమునకు పొరుగువంటిదే గాని గమ్యము వేఱు. జీనో కదలని యేకవస్తువును కాపాడుటకై కదలికను కొట్టెను. నాగార్జునుడు కదలికతో పాటు నిలుకడను కూడ కొట్టివేసెను. తనకు ప్రతిజ్ఞ యనునదే లేదని విగ్రహవ్యావర్తనిలో బాహాటముగా చెప్పుకొనెను. న్యాయసూత్రముల కొలతను అక్షరశః పట్టినచో వైతండికుడను పేరు నాగార్జునునికి చెల్లును, జీనోకు చెల్లదు. ఆ పేరు పెట్టినంతమాత్రమున నాగార్జునుని ప్రశ్నకు బదులు దొరకినదా యనునది వేఱు మాట.

నాలుగవది వరుసల వాదము. నిలిచియున్న వరుస యొకటి. దాని కిరుప్రక్కల ఎదురెదురుగా సమానవేగముతో పోవు వరుసలు రెండు. కదలు వరుసలోని మనిషి నిలిచిన వరుసలో నొకనిని దాటు కాలములో ఎదుటివరుసలో నిద్దఱిని దాటును. కావున సగము కాలము పూర్తికాలముతో సమమని జీనో చెప్పెనట. ఎదురెదురు రైళ్లను చూచిన బాలుడైనను ఇందలి తప్పును పట్టును. అరిస్టాటిలు కూడ నట్లే పట్టెను. ఇంత పొరపాటు బాణవాదము వ్రాసినవాడు చేసెనా? అవిభాజ్యక్షణములచేత కాలమైనదను మతముపై దీనిని గుఱిపెట్టెనని నవీనులలో కొందఱు చదువుచున్నారు. అట్లయినచో దెబ్బ గట్టిదే. ఒక్క అవిభాజ్యక్షణములో ఒకనిని దాటవలసినవాడు ఇద్దఱిని దాటుచున్నాడు గనుక, మొదటివానిని దాటిన క్షణమేదని యడుగవచ్చును. పూర్వపక్షమును గూర్చి పైని చెప్పిన న్యాయముచేత నేను ఈ చదువు వైపే మొగ్గుచున్నాను.

నేటి భౌతికశాస్త్రమున జీనో పేరు మఱియొక చోట వినబడుచున్నది. 1977లో బైద్యనాథ మిశ్రా, ఇ. సి. జి. సుదర్శను అను భారతీయశాస్త్రజ్ఞులు, అస్థిరమైన కణమును ఎడతెగక పరిశీలించుచుండినచో అది మార్పు చెందదని గణితముచేత చూపి దానికి జీనో పేరు పెట్టిరి. 1990లో బెరిలియము అయానులపై జరిపిన ప్రయోగమున, మాటిమాటికి కొలిచినకొలది మార్పు మందగించుట కనబడెను. ఇది ముచ్చటైన పేరే గాని బాణవాదమునకు ప్రమాణము కాదు. ఇచ్చట మార్పును ఆపునది కొలుచువాని చేయి. జీనో బాణమును ఎవరును ముట్టుకొనలేదు.

ఇక తీర్పు. తానే యొప్పుకొన్న పోట్లాటబుద్ధిని బట్టి చూచిన జీనో పుస్తకము జల్పము. ఎదుటి పక్షము నంగీకరించి దానినుండియే అనిష్టమును తీయు ప్రసంగాపాదనము దాని పద్ధతి. తన వెనుక గురువుయొక్క సిద్ధాంతము నిలిచియున్నది గనుక వితండము కాదు. కాని యీ పద్ధతికి ఒక హద్దు కలదు. దానిని జీనో దాటలేడు. అనేకత్వమున చిక్కున్నదని చూపినంతమాత్రమున ఏకత్వము సిద్ధింపదు. పొరుగువాని గోడ పగిలినదని చూపుటచేత మన గోడ గట్టిదని తేలదు గదా. చలనము లేదని నిరూపించుట యతని పని యనుకొన్నచో నతడు నెగ్గలేదు. చలనమనగా నేమో మనకు తెలియునను ధీమాను చెడగొట్టుట యతని పని యనుకొన్నచో, క్షణము, అనంతము, మొత్తము, పొడవు అను నాలుగు మాటలను శాస్త్రజ్ఞులు మరల నిర్వచించుకొనవలసివచ్చినది. అందు 1821 మొదలు 1902 వఱకు ఎనుబదేండ్లు గడచినవి.

ఈ హద్దును ప్లేటో గుర్తించెననుటకు ఆ సంవాదమే సాక్షి. దాని రెండవ సగమున జీనో ఊరకుండును. వృద్ధుడైన పర్మెనిడీసు తానే ముందునకు వచ్చి, శిష్యుడు అనేకత్వముపై ప్రయోగించిన యాయుధమునే తన "ఒకటి" మీదికి త్రిప్పును. ఒకటి యున్నదనుకొనిన నేమగును, లేదనుకొనిన నేమగునని వరుసగా విచారింపగా రెండు ప్రక్కలను పరస్పరవిరుద్ధములైన ఫలములు వచ్చుచుండును. బదులు చెప్పుచున్న పిన్నవాడు ఒక్కొక్క మెట్టున ఔనని చెప్పుకొనుచు వచ్చి, కట్టకడపటి దానికిని మిక్కిలి నిజమని తలయూచును. పుస్తక మక్కడ ముగియును. పర్మెనిడీసు గాని, జీనో గాని, సోక్రటీసు గాని మఱి మాటాడరు.